ఎన్‌డోలా నుంచి మద్దేడ్ దాకా

ఇప్పపూలు రాలే రోజులు. తెల్లవారకముందే అడవికి పోయి ఏరుకొచ్చిన పూలను వదిన వాకిట్లో చాపల మీద ఎండబోస్తోంది. నేను అరుగు మీద కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. మద్దేడ్‌లో మా ఇంట్లో ఫోనుకు సిగ్నల్ అందేది ఆ అరుగు చివర, స్తంభం పక్కన మాత్రమే. మిషను అక్కడ వేసుకున్నది కూడా అందుకే.

ఫోను మోగింది. జాంబియా నంబరు. మా ఆయన చేసే వేళ కాదది. అక్కడ ఇంకా పొద్దు పొడిచి ఉండదు.

"చెల్లెమ్మా, నేను" అన్నాడు అవతలి మనిషి. మా ఆయనతో ఒకే గదిలో ఉండే గోదావరిఖని ఆయన. నేనాయన్ని ఎన్నడూ చూడలేదు గానీ, అన్నా అనే పిలిచేదాన్ని. "గాబరా పడకు. మనిషి బతికే ఉన్నడు. ముందుగాల గది చెప్తున్న."

తర్వాత చెప్పిందంతా ఒక్కసారికి నా బుర్రకెక్కలేదు. రాగి గని వర్క్‌షాపులో ఖనిజం మోసే డంపరు టైరుకు గాలి పట్టిస్తుంటే పేలిందట. మనిషి నిలబడితే తల దాకా వచ్చే టైరు అది. దాని ఇనుప రింగు ఎగిరొచ్చి మా ఆయన నడుముకు తగిలింది. వెన్నెముక విరిగింది. కాళ్లకు స్పర్శ లేదు. ఆస్పత్రిలో ఉన్నాడు. కదిలించడానికి వీలైతే కంపెనీవాళ్లు విమానంలో ఇంటికి పంపిస్తామన్నారు.

వదిన చేతిలో చాట అలాగే ఉంది. ఆమె మా ఆయనకు సొంత అక్క. తల్లి లేని పిల్లవాణ్ణి ఆమే పెంచింది. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, ఆ కాస్త పొలమూ అడవీ చూసుకుంటూ బతికింది. తమ్ముడు దేశం విడిచి పోయినప్పటి నుంచి ఆ దేశం పేరు ఆమె నోట రాలేదు. నేను చెప్పిందంతా విని ఒకే ఒక్క మాట అడిగింది.

"ఎంత దూరమే అది?"

ఫోనులో రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టాను. ఆయన ఉన్నచోటికి దగ్గరిది ఎన్‌డోలా, మాకు హైదరాబాద్. ఆఫ్రికా మధ్య నుంచి సముద్రం మీదుగా వంగిన ఒక నీలం గీత వచ్చింది. ఆరు వేల పైచిలుకు కిలోమీటర్లు, విమానంలో ఎనిమిది గంటలు అని ఉంది. అదే చదివి వినిపించాను. ఆ అంకె నాక్కూడా ధైర్యంగా అనిపించింది.

"ఎనిమిది గంటలేనా? జగదల్‌పూర్ పోయొచ్చేటాలకు అంతకంటే ఎక్కువైతది గదా" అంటూ వదిన లేచింది. పూలను ఒక మూలకు ఊడ్చింది. నులక మంచం తిరగేసి తాళ్లు బిగించింది. కోడిని కోసింది. సాయంత్రం పోయి బీజాపూర్ బస్సు ఆగేచోట రోడ్డు మీద నిలబడింది. నేను వెనకాలే వెళ్లాను.

"ఈ రోజే రారు వదినా. అక్కడ ఆస్పత్రివాళ్లు పంపించాలి, ఆ తర్వాతే."

"ఎనిమిది గంటలన్నవ్ గదా?"

"బయలుదేరాక ఎనిమిది గంటలు."

"మరి బయలుదేరనీకి ఎన్ని గంటలు?"

కూర చల్లారిపోయింది. ఆ రోజు మేమిద్దరం తినలేదు.

నేను పుట్టింది కిరందుల్‌లో. బైలాడిలా ఇనుప ఖనిజం కొండను తవ్వడం మొదలుపెట్టిన కొత్తల్లో మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడ పనిలో చేరాడు. ఉతికిన బట్టలు ఆరేసరికి ఎర్రబడేవి, వాగులో నీళ్లు ఎర్రగా పారేవి. నీళ్లకు ఇంకో రంగు ఉంటుందని నాకు చాలాకాలం తెలియదు. మా ఆయన మద్దేడ్ నుంచి వచ్చి ఒక ఠేకేదారు కింద కాంట్రాక్టు పనిలో డంపర్లు బాగుచేసేవాడు. అలా అయింది మా పెళ్లి. తర్వాత ఠేకా చేతులు మారింది. కొత్త ఠేకేదారు తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. ఉన్న గది ఖాళీ చేసి మద్దేడ్ వచ్చేశాం. ఇక్కడ ట్రాక్టర్ల పని దొరికేది గానీ, ఏడాదిలో సగం రోజులు ఊరికే కూర్చోవడమే. అలాంటప్పుడు జాంబియా మాట వచ్చింది.

వదినకు అస్సలు ఇష్టం లేదు. "ఇనుపకొండ ఈడ ఉండంగ ఎక్కడికో పోయి తవ్వుడేంది తమ్మి?" అంది.

"నేను తవ్వను అక్కా. బండ్లు బాగుచేస్త."

"బండ్లు ఈడ చెడిపోతలేవా?"

మా ఆయన నవ్వాడు. విమానం ఎక్కుతున్నాననీ, ఒక్క పూటలో సముద్రం దాటేస్తాననీ సంబరంగా చెప్పబోతే ఆమె చెవులు మూసుకుంది. మా దిక్కు ఆకాశంలో ఎగిరేదంటే హెలికాప్టరే. అది అడవి మీద కిందుగా తిరిగిందంటే ఇళ్లలో ఆడవాళ్లు పని ఆపి, ఎవరు ఇంట్లో ఉన్నారు, ఎవరు బయటికి పోయారు అని చూసుకునేవాళ్లు. అడవిలో కాల్పుల్లో దెబ్బతిన్నవాళ్ల కోసమో చచ్చిపోయినవాళ్ల కోసమో వచ్చేది. "పైనుంచి వచ్చేది ఎవరినో ఒకరిని ఎత్తుకపోతానికే వస్తది" అనేది వదిన.

ఎదురుచూపు సాగుతూనే ఉంది. కంపెనీ తరపున హిందీ మాట్లాడే మనిషి ఒకాయన ఫోను చేసి ఓపిగ్గానే చెప్పాడు. ఎన్‌డోలా నుంచి హైదరాబాద్‌కు నేరుగా విమానమే లేదట. ముందు అడిస్ అబాబా, అక్కణ్ణుంచి బొంబాయి, ఆపైన హైదరాబాద్. కూర్చోలేని మనిషిని తీసుకురావాలంటే కొన్ని సీట్లు మడిచి వాటి మీద స్ట్రెచర్ బిగించాలి. విమానంవాళ్ల డాక్టరు సరేననాలి. వెంట ఒక నర్సు రావాలి. ఇదంతా కుదిరేసరికి మా ఆయనకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గేసరికి కాగితాల గడువు తీరింది.

ఇప్పపూల కాలం అయిపోయి బీడీలు చుట్టే తునికాకు కోతలు మొదలయ్యాయి. వదిన ఆకు కోయడానికి పోయేది, అందరికంటే ముందే తిరిగొచ్చేది. వస్తూనే నా ముఖం చూసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. రానురాను చూడటం కూడా మానేసింది.

బోరింగు దగ్గర మాటలు పుట్టాయి. మనిషి ఎప్పుడో పోయాడనీ, ఆ సంగతి నేను దాస్తున్నాననీ. అవి నా చెవినా పడ్డాయి, వదిన చెవినా పడ్డాయి. ఒకరోజు ఆకుకట్టలు దించి నేరుగా నా దగ్గరకొచ్చి, తిరుగుతున్న మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపేసింది.

"నిజం చెప్పు పిల్లా. మా తమ్మి ఉన్నడా, లేడా?"

"ఉన్నారు వదినా. నా మీద ఒట్టు."

"ఉంటే నాతోని ఎందుకు మాట్లాడతలేడు?"

అది నన్నూ తొలుస్తున్న ప్రశ్నే. నాతో కూడా రెండు మాటలు మించి మాట్లాడేవాడు కాదు. "బాగున్న. తిన్న. తర్వాత చేస్త." అంతే. ముఖం చూపించమంటే నెట్టు లేదనేవాడు. వదిన అటు వెళ్లగానే గోదావరిఖని అన్నకు ఫోను చేశాను. నీళ్లు నమిలాడు. అన్నా, ఇక్కడ మేం చచ్చిపోతున్నాం, ఉన్నది చెప్పు అని గట్టిగా అడిగితే చెప్పాడు.

"టికెట్ రెండుసార్లు ఖాయమైంది చెల్లెమ్మా. రెండుసార్లు ఆయనే ఎక్కనన్నడు."

"ఎందుకు?"

"కాళ్లు మళ్ల లేస్తయో లేవో డాక్టర్లు చెప్పలేకపోతున్నరు. నడుచుకుంట ఎక్కినోణ్ణి, నలుగురు మోస్తుంటే దిగుతనా అంటడు. ఇంటికి ఏం చెప్పొద్దన్నడు. నన్ను ఈడనే వదిలెయ్యిన్రి అంటడు."

నాకు ముందు వచ్చింది కోపమే. ఇన్నాళ్లూ విమానంవాళ్లను తిట్టుకున్నాను, కంపెనీని తిట్టుకున్నాను, మధ్యలో ఉన్న సముద్రాన్ని తిట్టుకున్నాను. అటు చూస్తే ఈయన రానంటున్నాడు. తర్వాత లోపలికి పోయి వదినకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఏడవలేదు. చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది.

"ఫోన్ కలుపు."

స్తంభం పక్కన నిలబెట్టి ఆమె చెవి దగ్గర పెట్టాను. నాకూ వినపడేలా స్పీకరు పెట్టాను.

"తమ్మి, తిన్నవా?"

"తిన్న అక్కా."

"ఏం తిన్నవ్?"

"మక్కపిండి సంకటి. ఈడ అదే తింటరు."

"మంచిగనే పెడుతున్నరు." ఆగింది. "బండి ఎక్కనంటున్నవంట?"

ఫోను తెగిపోయిందేమోనని చూశాను. తెగలేదు.

"అక్కా, నేను లేవలేను. ఒంటికి, రెంటికి కూడ ఒకరు ఎత్తాలె. నీకు గీ వయసుల…"

"నాయనను ఎలుగుబంటి కొట్టినప్పుడు రెండేండ్లు మంచంల ఉన్నడు. ఎత్తింది ఎవరు?"

"నువ్వే."

"కడిగింది ఎవరు?"

"నువ్వే అక్కా."

"మరి? నువ్వు నాయనకంటే బరువున్నవా ఏంది?"

అవతల ఒక చప్పుడు వచ్చింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. వదిన ఫోను దగ్గర్నుంచి ముఖం పక్కకు తిప్పుకుని ఆకుకట్టల దగ్గరకు పోయి కూర్చుంది. ఫోను నా చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అక్క పోయిందా?"

"పోయింది."

"నీకు చేతనైతదా?" అన్నాడు.

"తెలీదండీ. ముందు మీరు రండి" అన్నాను.

"సరే" అన్నాడు.

మూడోసారి టికెట్ ఖాయమైంది. మేం బయలుదేరాల్సిన రోజుకు అందర్‌వాలేలు బంద్ పిలుపిచ్చారు. అడవి లోపల తుపాకులతో ఉండేవాళ్లను మా దిక్కు అలాగే అంటారు. బస్సులు లేవు. భోపాల్‌పట్నం రోడ్డు మీద చెట్లు నరికి పడేశారు. వాటి కింద ఏం పెట్టారో అన్న భయంతో ఎవరూ వాటి జోలికి పోరు. తెలిసినవాళ్ల ట్రాక్టరు మమ్మల్ని మొదటి చెట్టు దాకా దించి, ఇక ముందుకు పోనని తిరిగిపోయింది. సంచులు నెత్తిన పెట్టుకుని రోడ్డు దిగి, పొలాల గట్ల మీద, వెదురు పొదల అంచున నడిచాం. ఎండ మాడుస్తోంది. వదిన ముందు, నేను వెనక. ఈపాటికి ఆయన్ని అక్కడ విమానంలోకి ఎక్కిస్తుంటారా అనుకున్నాను. ఆయన సముద్రం దాటేలోపు మేం ఈ చెట్లు దాటగలమా అని దిగులేసింది. దిగేసరికి ఎవరూ లేకపోతే ఎలా?

భోపాల్‌పట్నం చేరాక ఒక ఆటో మనిషి బతిమాలించుకుని తారలగూడ దాకా తీసుకొచ్చాడు. అది దాటితే తెలంగాణ. అక్కడ బస్సులు మామూలుగా తిరుగుతున్నాయి. వాజేడు, గోదావరి వంతెన, ఏటూరునాగారం, హనుమకొండ. వదిన బస్సు కిటికీ మీద తల ఆనించి కళ్లు మూసుకునే ఉంది గానీ నిద్రపోలేదు.

హైదరాబాద్ విమానాశ్రయంలో బయటికొచ్చే ద్వారం దగ్గర ఇనుప కడ్డీలు పట్టుకుని నిలబడ్డాం. అద్దాల మేడను గానీ దీపాలను గానీ వదిన చూడలేదు. బండ్లు తోసుకుంటూ వచ్చేవాళ్ల కాళ్లే చూసింది. "అందరు నడుచుకుంటనే వస్తున్నరు" అంది.

బొంబాయి విమానం వచ్చిందని బోర్డు మీద పడింది. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. మా ఆయన లేడు. లోపలివాళ్లను అడిగితే ఒకరు ఇంకొకరి దగ్గరకు పంపారు. ఆ ఇంకొకరు కంప్యూటరు చూసి, ఆ విమానంలో అలాంటి పేరే లేదన్నారు.

"ఏమన్నరు?" అంది వదిన.

"లేరంట వదినా."

ఆమె అక్కడే నేల మీద చతికిలబడింది. కడ్డీ పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు. ఎంతసేపటికో బొంబాయి నుంచి కంపెనీ మనిషి ఫోను చేశాడు. అడిస్ అబాబా విమానం ఆలస్యమైందట. స్ట్రెచర్‌ను తర్వాతి విమానంలోకి మార్చారట. ఇంకో మాట కూడా చెప్పాడా మనిషి. స్ట్రెచర్ మీద వచ్చేవాళ్లు మేం నిలబడ్డ చోటుకు రారు, సరుకులు వచ్చే వైపు వేరే గేటుంది, అక్కడికి పొమ్మన్నాడు.

అడుగుతూ అడుగుతూ ఆ గేటుకు పోయాం. అంబులెన్సులు వరసగా ఆగి ఉన్నాయి. మాలాంటి మనుషులే చెట్టు నీడలకు చేరి కూర్చున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. కొద్దిసేపటికి గేటు తెరిచారు. చక్రాల బండి మీద, తాళ్లతో బిగించిన పొడుగాటి చెక్కపెట్టె వచ్చింది.

వదిన నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"ఇది మన గేటా?"

"మన గేటే. కానీ ఆ పెట్టె మనది కాదు వదినా. ఆయన బతికే వస్తున్నారు."

ఆమె నమ్మలేదని నాకు తెలుసు. అంతలో పక్కనున్న గుంపులోంచి ఒక పిల్ల, నాకంటే చిన్నది, పెట్టె మీద పడిపోయింది. జగిత్యాల వైపువాళ్లు. మొగుడు గల్ఫ్‌లో పనికి పోయి అక్కడే పోయాడట. వెంట వచ్చిన మగవాళ్లు ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. వదిన నా చెయ్యి వదిలి పోయి ఆ పిల్లను లేపి, నేల మీద కూర్చుని తల ఒళ్లోకి తీసుకుంది. దుఃఖం ఎక్కువైతే వదినకు తెలుగు రాదు, వాళ్ల ఇంటి భాష దోర్లీయే వస్తుంది. ఆ మాటలు ఆ పిల్లకు అర్థమయ్యాయని కాదు, కానీ ఏడుస్తూనే వదిన కొంగు పట్టుకుంది.

మా అంబులెన్సు బయటికొచ్చింది ఆ సమయంలోనే. తలుపు తీశారు. మా ఆయన ముఖం సగమైపోయింది. గడ్డం పెరిగింది. పక్కన నీలం దుస్తుల్లో ఒక నల్లటి పొడుగాటి నర్సమ్మ, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. ఆయన నన్ను చూశాడు. నా వెనక చూశాడు.

"అక్క ఏది?"

చూపించాను. పెట్టె పక్కన ఎవరి తలనో ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అక్కను చూస్తూ ఉండిపోయాడు.

"నేను గూడ అట్లనే వస్తననుకున్న" అన్నాడు.

ఆ పిల్లను వాళ్లవాళ్లు లేపి బండి ఎక్కించాక వదిన వచ్చింది. తమ్ముడి ముఖం వైపు చూడకుండా దుప్పటి పక్కకు లాగి రెండు పాదాల వేళ్లూ నొక్కింది.

"తెలుస్తదా?"

"కుడిది తెలుస్తున్నది, ఇప్పుడిప్పుడే. ఇది తెల్వదు."

"ఒకటి తెలుస్తది గదా" అని ఎక్కి కూర్చుంది.

హైదరాబాద్ ఆస్పత్రిలో నెలలు గడిచాయి. నడుములో కడ్డీ వేశారు. ఇంటికొచ్చాక చాలాకాలం మంచం, తర్వాత రెండు కర్రలు, తర్వాత ఒక కర్ర. ఎడమకాలు ఇప్పటికీ ఈడుస్తూనే నడుస్తాడు. ఆ రోజుల్లో ఆయన మంచి మనిషి కాడు. కంచం విసిరేసేవాడు. నేను ముట్టుకుంటే తిట్టేవాడు, ముట్టుకోకపోతే ఇంకా తిట్టేవాడు. ఒకసారి తట్టుకోలేక కిరందుల్‌లో మా సొంత అన్న ఇంటికి వెళ్లిపోయాను. ఇక తిరిగి రాననే అనుకున్నాను.

కొన్నాళ్లకు వదిన బస్సులు మారుకుంటూ అక్కడికొచ్చింది. రమ్మని అడగలేదు. నా తప్పూ అనలేదు, తమ్ముడి తప్పూ అనలేదు. టీ తాగి గ్లాసు కింద పెట్టింది.

"వాడు నన్ను గూడ తిడుతున్నడే. ఒక్కదాన్ని పడలేకపోతున్న. ఇద్దరం పడదాం, రా."

నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఆ మధ్యాహ్నం బస్సుకే బయలుదేరాను.

ఇప్పుడు ఆయన అరుగు మీద బల్ల వేసుకుని పంపుసెట్లు, ట్రాక్టరు సామాను బాగుచేస్తున్నాడు. కోపం పూర్తిగా పోలేదు, తగ్గింది. ఆ ప్రయాణం గురించి ఒక్కసారే చెప్పాడు, ఏదో మోటారు విప్పుతూ, నా వైపు చూడకుండా. స్ట్రెచర్ పైన విమానం కప్పు ముఖానికి ఆనుతుందా అన్నంత దగ్గరగా ఉందట. చుట్టూ తెర కట్టారట. ఆకాశం గానీ సముద్రం గానీ ఏమీ కనపడలేదు. కింద మోత, అంతే. మధ్యలో ఊపిరాడక చచ్చిపోతున్నానని అరిచాడట. ఆ నర్సు చెయ్యి పట్టుకుని వాళ్ల భాషలో మాట్లాడుతూ ఉందట. ఈయన దోర్లీలో మాట్లాడాడట. ఒకరి మాట ఒకరికి తెలియదు. బొంబాయి వచ్చేదాకా అలాగే మాట్లాడుకున్నారట.

"ఏం మాట్లాడారు?" అన్నాను.

"నాకు గుర్తులేదు. అంతా చెప్పిన."

మొన్నామధ్య ఆ నర్సు గోదావరిఖని అన్న ఫోనులోంచి వీడియోలో కనిపించింది. ఆ అన్న ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు. ఆస్పత్రికి పోతే ఆమే గుర్తుపట్టి మా ఆయన గురించి అడిగిందట. ఆమె తన చిన్నపిల్లను ఎత్తి చూపించింది. ఈయన కర్ర పక్కన పెట్టి, స్తంభం పట్టుకుని లేచి నిలబడ్డాడు. తర్వాత స్తంభం కూడా వదిలాడు. ఆమె చప్పట్లు కొడుతూ ఏదో అంది. సిగ్నల్ ఊగి బొమ్మ ఆగిపోయింది.

ఆయన ఫోను నా చేతికిచ్చి కర్ర తీసుకుని ఇంటి వెనక మిరపచేని వైపు వెళ్లాడు. చాలాసేపు రాలేదు. వదిన పిలవబోతే నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి, కాసేపు ఒక్కరినే ఉండనీ వదినా, అన్నాను.